నల్లపిన్ని, వంటలక్క, మరో చరిత్ర

అందరికీ నమస్కారం. సింహాచలం కొండ కింద, అడవివరం నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల బ్యాండు మోత వినిపిస్తే కాస్త సర్దుకోండి. ముహూర్తాల రోజులు కదా, కొండ మీదా పెళ్ళిళ్ళే, కొండ కిందా పెళ్ళిళ్ళే. పొద్దుట్నుంచి మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు ఆపాను. ఇంకా ఆగితే ఈ వారం ఎపిసోడ్ ఉండదు.

పోయిన ఎపిసోడ్‌లో నేనో మాటన్నాను, మీకు గుర్తుండే ఉంటుంది. "తెలుగు సీరియల్ చూడాలంటే బుర్ర తీసి గోడకున్న మేకుకి తగిలించి కూర్చోవాలి" అన్నాను. అన్నాక నవ్వాను కూడా. చాలామంది బాగుందన్నారు. రెండు రోజులకి గోపాలపట్నం నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. మా మేనకోడలు ఎవరో వీడియో చూపించిందట.

"ఏట్రా, నాకు బుర్ర నేదని ఊరందరికీ సెప్పీసినావంట?"

"నిన్ను కాదు పిన్నీ, ఏదో అందరినీ కలిపి అన్నాను" అన్నాను.

"నన్ను కాకపోతే ఇంకెవుల్ని? మీ ఆవిడ సీరియల్ సూడదు. నీ పిల్లలు టీవీయే సూడరు. సూసేది నాలాటోల్లే కదా. ఒక్కదాన్నీ ఎన్నడన్నా కూకోని సూసినావేట్రా నువ్వు?"

చూడలేదు. నిజం అదే. వంటింట్లోకి వెళ్తూ వస్తూ, హాల్లో మోగుతున్న ఆ డమడమ శబ్దాలు విని తీర్పు చెప్పేశాను. మూడేళ్ళుగా ఇక్కడ కూర్చుని సినిమాల మీద అభిప్రాయాలు చెప్తున్న మనిషిని, చూడకుండా మాట్లాడానని పట్టుబడటం సిగ్గుగానే ఉంది. అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. నాలుగు శనివారాలు నేను గోపాలపట్నం వెళ్తాను. రెండు వారాలు పిన్ని చెప్పింది నేను చూడాలి, రెండు వారాలు నేను చెప్పింది పిన్ని చూడాలి. ఎవరూ మధ్యలో లేవకూడదు. భోజనం పిన్నిది. ఈ ఎపిసోడ్ ఆ నాలుగు శనివారాల సంగతి.

ముందు మా పిన్ని గురించి ఒక్క మాట చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా అమ్మ వాళ్ళు ముగ్గురు అక్కచెల్లెళ్ళు. అమ్మ పెద్దది. మిగతా ఇద్దరినీ మేం పిల్లలందరం తెల్లపిన్ని, నల్లపిన్ని అని పిలిచేవాళ్ళం. ఎవరు మొదలుపెట్టారో తెలీదు, మాకు ఊహ తెలిసేసరికే ఆ పేర్లున్నాయి. చాలా ఇళ్ళల్లో ఉంటాయి ఇలాంటివి, మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. నల్లపిన్నీ అంటే పలికేది, పలికి చేతిలో జంతిక పెట్టేది. ఇప్పుడావిడకి అరవై ఎనిమిది. పోయిన నెల వరకూ నా ఫోన్లో ఆవిడ నంబరు 'నల్లపిన్ని గోపాలపట్నం' అనే ఉంది.

మొదటి శనివారం కార్తీక దీపం. పిన్ని ఎంపిక. టీవీలో అయిపోయి చాలా రోజులైంది కదా, ఫోన్లో పెట్టి టీవీకి తగిలించాం. స్టార్ మాలో 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. పదిహేను వందల పైచిలుకు ఎపిసోడ్లు. అన్నీ ఎవడు చూస్తాడు, పిన్ని గుర్తుపెట్టుకుని "ఇది సూడు, ఇది దాటించీ, ఇక్కడాపు" అంటూ నడిపించింది. ఏ ఎపిసోడ్‌లో ఏం జరిగిందో నంబర్లు తెలియవు గానీ, "బాబాయి హాస్పిటల్లో ఉన్నప్పుడొచ్చినాది", "మన సుజాత పురుడుకి ముందు" అని చెప్తుంది. ఆవిడ పంచాంగం అది.

తెలియనివాళ్ళకి కథ క్లుప్తంగా. దీప నల్లగా ఉంటుంది. పెద్దింటి డాక్టరు కార్తీక్ ఇష్టపడి చేసుకుంటాడు. అత్తగారు సౌందర్యకి నలుపంటే పడదు. మోనిత అనే ఇంకో డాక్టరు కుట్ర వల్ల, తనకి పిల్లలు పుట్టరని కార్తీక్ నమ్ముతాడు, భార్యని అనుమానిస్తాడు. దీప బయటికొచ్చి వంటలు చేసుకుంటూ కూతుర్ని పెంచుతుంది. అందుకే వంటలక్క. ఇది మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు' అనే సీరియల్‌కి రీమేక్. ఆ పేరుకి నల్ల ముత్యం అని అర్థం. అక్కడా ఇక్కడా హీరోయిన్ ప్రేమీ విశ్వనాథే.

ఇక నా అభిప్రాయం. దాచుకోను, పిన్నికి మొహం మీదే చెప్పాను. హీరో గుండె జబ్బులు చూసే డాక్టరు. ఒక రక్తపరీక్ష చేయిస్తే తేలిపోయే అనుమానాన్ని ఏళ్ళ తరబడి మోశాడు. ఇంట్లో అందరికీ నిజం తెలుస్తుంది, ఆఖరికి చూసేవాళ్ళ ఇంట్లో పిల్లికి కూడా తెలుస్తుంది, ఆయనకొక్కడికే తెలియదు. నిజం చెప్పబోయే ప్రతి మనిషికీ సరిగ్గా ఆ క్షణంలో ఫోన్ రావాలి, లేదా కళ్ళు తిరగాలి. ఒకరు ఒక మాటంటే గదిలో ఉన్న ఏడుగురి మొహాలూ మూడేసిసార్లు చూపించాలి. కాఫీ పెట్టడానికి పట్టుచీర. 2022లో హీరో హీరోయిన్లిద్దరినీ చంపేశారు, పిల్లల్ని పెద్దవాళ్ళని చేశారు, జనం చూడటం మానేసేసరికి చచ్చినవాళ్ళని మళ్ళీ తెచ్చారు. దీన్ని కథ అనాలా, పింఛను పథకం అనాలా?

పిన్ని అంతా విని, "నిజివే" అంది. నేను ఆశ్చర్యపోయాను. "ఆ డాక్టరు బాబు తెలివి తక్కువోడని నాకు తెలీదేట్రా? ఆల కతకి నాను సూసినాననుకున్నావా?"

"మరెందుకు చూశావు?"

"నల్ల పిల్ల కదా."

అంతే అంది. నేను ఊరుకోవాల్సింది. కానీ నా నోరు మీకు తెలుసు. "పిన్నీ, ఆవిడ నలుపు నిజం కాదు, మేకప్. అసలు మనిషి తెల్లగానే ఉంటుంది" అన్నాను, ఏదో పెద్ద రహస్యం కనిపెట్టినట్టు.

పిన్ని నావైపు తిరిగింది. "మెడకాడ రంగు అంటుకున్నట్టు తెలస్తానే ఉంటాది. నాకు పౌడరు రాసి కూకోబెట్టినప్పుడు నా మెడ కాడ కూడా అలగే తెలిసీది. తెల్ల పౌడరు నాకు రాసినారు, నల్ల రంగు ఆవిడికి రాసినారు. ఏటి తేడా?"

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. పిన్నికి పెళ్ళిచూపులు చాలాసార్లు అయ్యాయని ఇంట్లో అందరికీ తెలుసు, ఎప్పుడూ ఎవరూ మాట్లాడుకోరు. ఆ రోజు తనే చెప్పింది. ఆరు సంబంధాలు. ప్రతిసారీ అమ్మమ్మ కుటికూర పౌడరు దట్టంగా పూసి, కిటికీ పక్కన కాకుండా గది మూల కుర్చీ వేసి కూర్చోబెట్టేదట. ఒకళ్ళు కాఫీలు తాగి వెళ్ళి, చిన్నమ్మాయినైతే చేసుకుంటామని కబురు పెట్టారు. చిన్నమ్మాయంటే మా తెల్లపిన్ని. తాతయ్య ఒప్పుకోలేదు, అది ఆయన మంచితనం. కానీ ఆ కబురు తెచ్చిన మనిషి నడింట్లో అందరి ముందూ చెప్పేశాడట, పిన్ని అక్కడే తలుపు చాటున ఉండగా. ఏడో సంబంధం మా బాబాయి. పోర్టులో పని. ఆ రోజు మాత్రం పౌడరు రాయలేదంది. ఎందుకు రాయలేదో నేనప్పుడు అడగలేదు, ఆ సంగతి తర్వాత వస్తుంది. "బొగ్గు దుమ్ములో పన్జేసినోడికి నా రంగు కనిపించి ఉండదు" అని నవ్వేసింది. బాబాయి పోయి నాలుగేళ్ళు.

అప్పుడు నాకర్థమైంది ఏమిటంటే, సౌందర్య అనే అత్తగారు, నలుపని అసహ్యించుకున్న అత్తగారు, మెల్లగా మారి కోడలి పక్షాన నిలబడుతుంది కదా, పిన్ని ఆపమని, మళ్ళీ వెనక్కి తిప్పమని, రెండేసిసార్లు చూపించిన సీన్లన్నీ అవే. డాక్టరు బాబు సీన్లు దాటించేసింది. రోజూ రాత్రి ఏడున్నరకి, ఐపీఎల్ ఉన్న రోజుల్లో కూడా కొడుకుతో రిమోట్ కోసం దెబ్బలాడి, ఒక నల్లపిల్ల ఊరంతటి ముందూ తలెత్తుకుని నిలబడటం చూసింది. నేను దాన్ని బుర్ర లేకపోవడం అన్నాను.

అలాగని సీరియల్ మంచిదైపోలేదండి. పిన్ని బాధ నిజం, అంతమాత్రాన రచన గొప్పది కాదు. నలుపు మీద ధైర్యంగా మొదలుపెట్టిన కథని వెయ్యి ఎపిసోడ్ల తర్వాత మోనిత కుట్రల కొట్టుగా మార్చేశారు. పైగా విరామంలో ఒంటికి తెలుపు తెచ్చే సబ్బులూ క్రీములూ. పిన్నే అంది, "దీపకి ఆ కిరీమేదో ఎవులైనా ఇస్తే ఈ గొడవే నేదు కదరా" అని. సీరియల్‌ని ఆవిడ కంటే బాగా ఎవరూ విమర్శించలేరు.

రెండో శనివారం కూడా పిన్నిదే, పాతవి చూపిస్తానంది. దూరదర్శన్ ఋతురాగాలు, జెమినీలో చక్రవాకం, మొగలిరేకులు. మూడూ మంజులా నాయుడువే. దొరికినవి ముక్కలు ముక్కలుగా చూశాం. వీటి మీద నేను ఎక్కువ మాట్లాడను. వాటిల్లో మనుషులు ఒకరితో ఒకరు కూర్చుని మాట్లాడుకునేవారు, అది చాలు. ఒకావిడ కూరగాయలు తరుగుతూ ఇంకొకావిడతో మాట్లాడుతుంటే, కెమెరా అక్కడే ఉండేది. 2008లో మొదలైన మొగలిరేకులు చివరికొచ్చేసరికి అదీ సాగిందనుకోండి. అమృతం గురించి అడుగుతారు, దానికి విడిగా ఒక ఎపిసోడ్ చేస్తాను. గుండు హనుమంతరావుగారి అంజి పాత్రకే అరగంట కావాలి.

మూడో శనివారం నా వంతు. నలుపు మాటొచ్చింది కదా అని కలర్ ఫోటో పెట్టాను. 2020లో ఆహాలో వచ్చింది, సందీప్ రాజ్ తీశాడు, సుహాస్ హీరో. మచిలీపట్నంలో కథ. జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం కూడా ఇదే. నాకు చాలా ఇష్టమైన సినిమా, ఇదే ఎపిసోడ్‌లలో మెచ్చుకున్నాను. పిన్ని శ్రద్ధగా చూసింది, సునీల్‌ని తిట్టింది, కళ్ళు తుడుచుకుంది. అయిపోయాక అడిగింది:

"బాగుంది. మరి నల్ల గుంటడు, తెల్ల గుంట అయినాది. తెల్ల గుంటడు, నల్ల గుంట ఎప్పుడు తీస్తారు?"

నేను ఆలోచించాను. పుష్పలో అల్లు అర్జున్‌కి నలుపు పూశారు, దసరాలో నానికి పూశారు. మగవాడికి నలుపు కష్టజీవి గుర్తు, మొరటుతనం, మాస్. దానికి ఈలలు పడతాయి. అదే ఆడపిల్లకి నలుపు కథలో సమస్య. సమస్య కాకుండా, ఊరికే, ఒక నల్లని అమ్మాయి ప్రేమించి పాట పాడుకున్న తెలుగు సినిమా ఈ మధ్య ఏదైనా చెప్పమంటే నాకు నోరు పెగల్లేదు. మీకు తడితే చెప్పండి. ఇన్ని సినిమాలు చూసిన నాకు కలర్ ఫోటో గురించి ఈ ప్రశ్న తట్టలేదు. రెండుసార్లు మెచ్చుకున్నాను, ఒక్కసారీ అడగలేదు.

అదే రోజు సాయంత్రం సి/ఓ కంచరపాలెం. మా గోపాలపట్నం నుంచి ఎన్‌ఏడీ దాటితే ఎంతసేపు, బస్సులో కునుకు తీసేలోపు కంచరపాలెం వచ్చేస్తుంది. విశాఖలో తీసిన సినిమాల మీద నాకో పాత కోపం ఉంది, ఇది వరకూ చెప్పాను. ఋషికొండ దగ్గర ఒక పాట, కైలాసగిరి మీద ఒక మాట, బీచ్ రోడ్డులో ఒక కారు ఛేజు. మా సముద్రం కావాలి, మేం అక్కర్లేదు. వాల్తేరు వీరయ్యలో వాల్తేరన్నది టైటిల్‌కే, సగం సినిమా మలేసియాలో. ఘాజీని వదిలేయండి, దానికి ఊరుతో పనిలేదు, జలాంతర్గామి లోపలే కథ, బాగా తీశారు. కానీ మా యాస మాట్లాడే మనిషి మామూలు సినిమాలో కనపడితే వాడు పనివాడో, తింగరి కానిస్టేబులో అయి ఉంటాడు. నోరు తెరిస్తే నవ్వాలి, అంతే వాడి పని.

2018లో వెంకటేశ్ మహా ఆ వీధుల్లోకి వెళ్ళి, అక్కడి మనుషుల్నే పెట్టి, వాళ్ళ మాటని అక్కడికక్కడే రికార్డు చేసి సినిమా తీశాడు. నలభై తొమ్మిదేళ్ళొచ్చినా పెళ్ళికాని అటెండరు రాజు, ఆఫీసుకి కొత్తగా వచ్చిన ఒడియా ఆఫీసరు రాధ. సుబ్బారావుగారు, రాధా బెస్సీగారు ఎంత బాగా చేశారో. పిన్ని సినిమా చూడలేదు, వీధులు చూసింది. "ఈ మెట్లు నాకు తెలుసురా." "ఆడు మాటాడినట్టే మీ బాబాయి మాటాడీవోడు." ఊరంతా రాజు పెళ్ళి గురించి పంచాయితీ పెడుతుంటే పగలబడి నవ్వింది. రాధకి ఇరవయ్యేళ్ళ కూతురుండి, ఆ కూతురే తల్లికి తోడు కావాలని అంటే మాత్రం నవ్వు ఆపేసి, నీళ్ళు తెచ్చుకుంటానని లేచింది. మధ్యలో లేవకూడదని ఒప్పందం, గుర్తు చెయ్యలేదు.

ఈ సినిమా మీద ఎవరూ చెప్పని నా ఫిర్యాదు ఒకటుంది. చూడనివాళ్ళు ఒక్క నిమిషం చెవులు మూసుకోండి. నాలుగు ప్రేమకథలూ ఒకే మనిషివని చివర్లో తెలుస్తుంది కదా, ఆ మెలిక దాచడానికి నలభయ్యేళ్ళ కాలాన్ని ఒకే రోజుల్లా చూపించాల్సొచ్చింది. అది కొంచెం మోసమే. అంతకంటే పెద్దది, ముగ్గురు ఆడవాళ్ళు. సునీతని ఊరు దాటించేస్తారు, భార్గవికి వేరే పెళ్ళి చేసేస్తారు, సలీమాని చంపేస్తారు. ముగ్గురి నష్టమూ కలిపి రాజుకి జీవితపాఠం అవుతుంది. వాళ్ళకి ఏమైందని సినిమా మళ్ళీ అడగదు. అయినా నాకిది ఈ ఊరు మీద వచ్చిన మంచి సినిమా, అందులో రెండో మాట లేదు.

పలాస 1978 గురించి తొందరగా చెప్పేస్తాను. మొదటి సగంలో కులం గురించి, జీడిపప్పు వ్యాపారం వెనక ఉన్న కొట్లాటల గురించి ఎవరూ అనని మాటలన్నారు. రెండో సగం మామూలు పగల సినిమా అయిపోయింది. తండేల్ చూశాం, 2025 ఫిబ్రవరిలో వచ్చింది. శ్రీకాకుళం జిల్లా మత్స్యలేశం జాలర్లు గుజరాత్ వెళ్ళి పడవలెక్కి, దారి తప్పి పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో తిరిగొచ్చిన నిజం కథ ఆధారం. సొంత ఊళ్ళో సముద్రం పెట్టుకుని వాళ్ళు వేల కిలోమీటర్లు ఎందుకు పోతున్నారన్నది అసలు ప్రశ్న. మా తీరంలో జెట్టీలు, హార్బర్లు సరిగా లేక. సినిమాలో దానికి దొరికిన చోటు ఒక పాటంత కూడా లేదు. నాగచైతన్య యాస ఎలా ఉందని పిన్నినడిగాను. "బాగానే నేర్సుకున్నాడు. నేర్సుకున్నట్టు తెలస్తంది" అంది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నేను మళ్ళీ నా ఉపన్యాసం మొదలుపెట్టాను, మన యాస పరదాకెక్కదు, మన మాట మనకే సిగ్గు అని. పిన్ని విని విని అంది: "మరి నువ్వేట్రా ఆ వీడియోలో వార్తలు సదివినట్టు మాటాడతావు? మొదట నువ్వని పోల్చనేదు నాను. మా అక్క కొడుకు మాటేనా ఇది అనుకున్నాను."

ఇది చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. చెప్తాను. పందొమ్మిది వందల తొంభైల్లో హైదరాబాద్‌లో నా మొదటి ఉద్యోగం. చేరిన వారానికే ఎవరో ఫోన్ చేస్తే "నాను మాటాడతన్నాను" అన్నాను. ఆ గదిలో ఎనిమిది మంది నవ్వారు. తర్వాత ఏడాది పాటు నేను ఎదురుపడితే "నాను ఒచ్చీసినాడు" అనేవారు. చెడ్డవాళ్ళు కాదు, టిఫిన్ పంచుకున్నవాళ్ళే. నేను అద్దం ముందు నిలబడి 'నేను' అని పలకడం నేర్చుకున్నాను. ఆరు నెలల్లో బాగా వచ్చేసింది. ఎంత బాగా వచ్చిందంటే, ఇప్పుడు తిరిగి వెళ్దామంటే దారి లేదు. ఈ ఎపిసోడ్ అంతా మన మాటలోనే చెప్తానని పిన్నికి మాటిచ్చి కూర్చున్నాను. మీరు వింటూనే ఉన్నారు కదా, మొదటి నమస్కారంలోనే తప్పాను. ఈ వీడియోలో మా యాస వినపడిందంటే అది పిన్ని మాటలు చెప్తున్నప్పుడే, అవి కూడా ఆవిడ చెప్పినంత బాగా నాకు రాలేదు. అంటే నేనూ నాగచైతన్య లెక్కే, నేర్చుకున్నట్టు తెలుస్తుంది. తేడా ఏంటంటే, అది నేను పుట్టి పెరిగిన మాట.

నాలుగో శనివారం మరో చరిత్ర. లెక్క ప్రకారం నా వంతు, కానీ పిన్ని అడిగింది.

1978. బాలచందర్ తీశారు. అప్పటికే రంగుల సినిమాలు వచ్చేస్తుంటే పట్టుబట్టి నలుపు తెలుపులో. కథంతా మా విశాఖ తీరంలోనే. అరవ అబ్బాయి బాలుగా కమల్ హాసన్, తెలుగు పిల్ల స్వప్నగా సరిత. సరితకి అది మొదటి సినిమా, ఇంకా చిన్నపిల్ల. చామనఛాయ కూడా కాదు, నలుపు. పెద్ద కళ్ళు. ఆ అమ్మాయి రంగు గురించి ప్రేమకి అడ్డంకి లేదు. అడ్డంకి భాష, పెద్దవాళ్ళ పంతం, ఏడాది పాటు చూసుకోకూడదు మాట్లాడుకోకూడదన్న షరతు. నలుపు సమస్య కాని సినిమా ఏదని రెండు వారాలుగా బుర్ర బద్దలుకొట్టుకుంటున్నాను కదా, ఇదిగో నలభై ఏడేళ్ళ కింద, మా ఊళ్ళోనే తీసి ఉంది. నేను దీని గురించి రెండు ఎపిసోడ్లు చేశాను. కమల్ గురించి మాట్లాడాను, ఎం.ఎస్. విశ్వనాథన్ గురించి మాట్లాడాను, ఫోటోగ్రఫీ గురించి మాట్లాడాను. ఇది మాట్లాడలేదు.

తర్వాతేమైందో చూడండి. అదే బాలచందర్ 1981లో హిందీలో ఏక్ దూజే కే లియే తీశారు. కమల్ అలాగే ఉన్నాడు. సరిత స్థానంలో రతి అగ్నిహోత్రి. 2010లో తెలుగులోనే మళ్ళీ తీశారు, అందులోనూ తెల్లమ్మాయే. సినిమా మారిన ప్రతిసారీ ఆ పిల్ల తెల్లబడుతూ వచ్చింది. ఇక సరిత తర్వాత ఏళ్ళలో ఎక్కువగా ఎలా వినిపించిందంటే, వేరే హీరోయిన్ల గొంతుగా. విజయశాంతికి చెప్పింది, సౌందర్యకి చెప్పింది, ఇంకా ఎందరికో. తెరమీద మొహం ఒకరిది, గొంతు ఆవిడది. సరిత నటించడం మానలేదు, మంచి పాత్రలూ వేసింది, అది వేరే సంగతి. కానీ తెలుగు జనానికి ఏళ్ళ తరబడి ఆవిడ చెవికే తెలుసు.

ఇది పిన్నికి చెప్తే కొత్త సంగతి అవుతుందనుకున్నాను. "నాకు తెలుసు. ఇజీశాంతి నోరు తెరిస్తే సొప్న మాటాడతాది. మీ బాబాయికి సెప్తే నమ్మీవోడు కాదు" అంది.

1978లో పిన్ని ఈ సినిమా తెల్లపిన్నితో కలిసి టౌన్‌కి వెళ్ళి చూసింది. ఇరవై ఒక్కేళ్ళు. ఆరో సంబంధం తప్పిపోయిన నెల. ఇంటికొచ్చి అమ్మమ్మతో చెప్పిందట, ఇకమీదట పెళ్ళిచూపులకి పౌడరు రాసుకోనని. "ఆ సినిమాలో పిల్ల రాసుకోనేదు, కమలహాసనే కాళ్ళకాడ పడి ఉన్నాడు, నాకెందుకు?" అందట. అమ్మమ్మ వీపు మీద ఒకటిచ్చింది గానీ, పిన్ని రాసుకోలేదు. కుర్చీ కూడా కిటికీ పక్కకి జరుపుకుంది. అలా చూశాడు మా బాబాయి.

ఒక సినిమా ఏం చెయ్యగలదని నన్ను చాలామంది అడిగారు, నేను చాలా సిద్ధాంతాలు చెప్పాను. మా ఇంట్లోనే ఈ సంగతి నలభై ఏడేళ్ళుగా ఉంది, నేను అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

ఫోన్లో పేరు మార్చానని చెప్పాను కదా. చెప్పలేదా? మార్చాను. మూడో శనివారం తర్వాత 'నల్లపిన్ని' తీసేసి ఆవిడ అసలు పేరు పెట్టాను. మర్నాడు ఆ పేరుతో ఫోన్ మోగితే ఎవరో బ్యాంకువాళ్ళనుకుని ఎత్తలేదు. పిన్ని మా ఆవిడకి ఫోన్ చేసి, నాకు కోపమొచ్చిందా అని అడిగిందట. విషయం చెప్పాను. "నల్లపిన్ని అంటే నాను పలుకుతాను. ఆ పేరు ఆరొందల మంది చుట్టాలకి తెలుసు. నువ్వొక్కడివి మార్సీస్తే ఏటవుతాది?" అంది. కాసేపాగి, "నీ మనవలకి మాత్రం నేర్పకు" అంది. నాకింకా మనవలు లేరు. ఫోన్లో ప్రస్తుతానికి 'పిన్ని' అని మాత్రం ఉంది, తెల్లపిన్ని పోయింది కాబట్టి తికమక లేదు.

మరో చరిత్ర మేం చివరిదాకా చూడలేదు. ఏడాది గడువు తీరి బాలు బయలుదేరతాడు కదా, స్వప్న ఎదురుచూస్తుంటుంది, అక్కడ పిన్ని రిమోట్ తీసుకుని ఆపేసింది. "ఇక్కడితో సాలు. తర్వాతేటవుద్దో నాకు తెలుసు, నీకూ తెలుసు" అంది. నేను వాదించాను, క్లైమాక్స్ చూడకుండా బాలచందర్ సినిమా చూసినట్టు ఎలా అవుతుంది, ఒప్పందం ప్రకారం మధ్యలో ఆపకూడదు అని. పిన్ని అప్పటికే వంటింట్లోకి వెళ్ళిపోయింది. సింహాచలం పనసకాయ కోసి పొట్టు చేసి ఉంచిందట, ఆవ పెట్టాలి. టీవీ మీద సరిత మొహం అలాగే ఆగి ఉంది. నేను లేచి దాన్ని కట్టెయ్యలేదు, భోజనం అయ్యేదాకా ఉంచాను.

బ్యాండు మళ్ళీ మొదలైంది, వినపడుతోందా? వచ్చే ఎపిసోడ్ అమృతం మీద. పిన్ని కూడా వస్తానంది, మైకు ముందు కూర్చుంటుందో లేదో చెప్పలేను. ఉంటాను మరి.